వంటాయన సీటు

ఆ ఉదయం ఆకాశం బూడిద పూసినట్టుంది. గాలి కదలడం లేదు. సొంతూరు కాట్రేనికోనలో ఇలా మబ్బు పడితే వీరదుర్గ ఈపాటికి చెరువు గట్టు మీద ఉండేది. నీళ్ళలో ఊపిరి చాలక రొయ్య పైకి తేలుతుంది, పరుగున వెళ్ళి నీళ్ళు చిలికే ఏరేటర్లు వెయ్యాలి. థాయిలాండు హోటలు కిటికీ ముందు నిలబడ్డా కాళ్ళకి ఆ తొందర పోలేదు. వెనక బాత్రూములో, చేతులు కడుక్కునే గట్టు మీద, రైస్ కుక్కరు ఉడుకుతోంది. పప్పు అయింది, ఇది అన్నం.

"ఏమే, అయిందా? బస్సొచ్చేసింది," అన్నాడు లోవరాజు తల దువ్వుకుంటూ. "తాతాజీ గారికి ఇక్కడి కూడు నోట్లోకి పోవట్లేదు. ఆయనకి నెయ్యి మర్చిపోకు."

రొయ్యల మేత అమ్మే కంపెనీ, బాగా పండించిన నలుగురు రైతుల్ని, లోవరాజు, తాతాజీ, ధనరాజు, సాయిబాబుల్ని, ఈ దేశం తిప్పుతోంది. నలుగురికీ కలిపి ఒక సీటు ఎక్కువిచ్చింది. ఆ సీటులో వీరదుర్గ వచ్చింది. బయల్దేరేముందు పక్కింటి లోవమ్మతో, "వద్దన్నా వినకుండా మా ఆయనే పట్టుబట్టేరండీ," అని చెప్పుకుంది. చెప్పుకుంటున్నప్పుడు సిగ్గేసింది కూడా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అన్నవరం తీసుకెళ్ళినా అత్తగారి మందుల సంచీ పట్టుకోవడానికే తీసుకెళ్ళాడు మరి.

బస్సు అయుత్తయ చేరింది. ఒకప్పటి రాజధాని అట. యుద్ధంలో కాలిపోయింది. గోడ వెనక ఎర్రటి ఇటుక గోపురాలు, ఒకటి అటు ఒరిగి, ఒకటి ఇటు ఒరిగి, వందల ఏళ్ళుగా పడకుండా ఉన్నాయి. వీరదుర్గ బస్సు మెట్టు మీదే ఆగిపోయి చూసింది.

గేటు దగ్గర కాపలావాడు వీరదుర్గ చేతిలోని అన్నం క్యారేజీలు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. తినేవి లోపలికి తేకూడదు. పక్కనే చెట్టు కింద బల్లలున్నాయి, చుట్టూ కుక్కలున్నాయి.

"నువ్విక్కడ కూర్చో," అన్నాడు లోవరాజు. "మేం చూసొస్తాం."

"నేనూ చూస్తానండీ."

"ఏవుందే చూడ్డానికి? పాత ఇటుకలు. మన ఆలమూరు బట్టీల్లో లేవా?"

అందరూ నవ్వారు. తాతాజీ నవ్వాపుకుంటూ, "ఆ యేసురత్నం వచ్చుంటే మా చెల్లెమ్మకీ తిప్పలుండేవి కాదండీ," అన్నాడు.

"వంటాయన యేసురత్నమా? ఆయనెందుకొస్తాడండీ?"

"ఆయ్, నీకు చెప్పలేదామ్మా? ఆ సీటు అతనికనే కదా అనుకున్నాం. పాస్‌పోర్టు రాలేదు. అప్పుడు మీ ఆయన, 'మా ఆవిడుంది కదా, దానికెలాగూ వంట తప్ప పనేం ఉంది' అన్నాడు."

లోవరాజు మాట మార్చమన్నట్టు తాతాజీ వంక చూశాడు. కాదనలేదు.

వీరదుర్గకి కోపం వెంటనే రాలేదు. ముందు లోవమ్మ మొహం గుర్తొచ్చింది. తర్వాత నిన్న రాత్రి కంపెనీ చేసిన సన్మానం గుర్తొచ్చింది. శాలువా కప్పించుకుని ఈయన మైకులో, "చెరువుని కన్నబిడ్డలా కనిపెట్టుకున్నానండీ," అంటే తను కూడా చప్పట్లు కొట్టింది. వానలో గొడుగు లేకుండా గట్టు మీద రొయ్య మేత తిందో లేదో ట్రేలు ఎత్తి చూసింది ఎవరు, జ్వరంతో ఉన్నా జనరేటరు తిప్పింది ఎవరు అని ఒక్కరూ అడగలేదు, తనూ అడగలేదు. "మా వాడి చెయ్యి మంచిది, దీనికి మేత విసరడం తప్ప ఏం వచ్చు," అనేది అత్తగారు మహాలక్ష్మమ్మ, వచ్చిన చుట్టాలందరితో. ఆ మాట విని విని తనకీ అది నిజమే అనిపించేది. అన్నింటికీ ఓర్చుకుంది. కానీ వంటాయన సీటులో కూర్చోబెట్టి, పెళ్ళాన్ని తిప్పుతున్నట్టు ఊరంతా అనుకుంటుంటే నోరు మూసుకున్నాడే, అది ఓర్చుకోలేకపోయింది.

చెయ్యి చాపింది. "నా టిక్కెట్టివ్వండి."

"క్యారేజీలు ఎవరు చూస్తారే?"

"మీరు చూడండి. పాత ఇటుకలే కదా, మీకెందుకు?"

ధనరాజు కిసుక్కున నవ్వాడు. పదిమందిలో గొడవ పడటం ఇష్టంలేక లోవరాజు టిక్కెట్టు తీశాడు. కుక్కలు చూస్తుంటే కూడు వదిలి కదలడానికి వీల్లేదు. పళ్ళు కొరుకుతూ బల్ల మీద కూలబడ్డాడు.

లోపల వరసగా కూర్చున్న రాతి బుద్ధులు. ఒక్కదానికీ తల లేదు. తలలు కొట్టేసినా నడుములు నిటారుగానే ఉన్నాయి. తాతాజీ ఒక విగ్రహం వెనక నక్కి, మెడ మీద తన తలపెట్టి ఫోటో తీయించుకుంటుంటే కాపలావాడు ఈల ఊదుతూ పరిగెత్తుకొచ్చాడు. వీరదుర్గ పైకే నవ్వింది. తర్వాత వాళ్ళకి దూరంగా నడిచి, ఎక్కగలిగినన్ని మెట్లు ఎక్కి, మబ్బు విడి ఎండ పొడ తగిలే చోట కూర్చుంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఎంతసేపైందో చూసుకోలేదు.

బయటికొచ్చేసరికి మగవాళ్ళు నలుగురూ బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. క్యారేజీల మూతలు అలాగే ఉన్నాయి.

"ఎక్కడ చచ్చేవే? ఆకలికి ప్రాణాలు పోతున్నాయి ఇక్కడ!"

"మూతలు తియ్యడం రాలేదాండీ?"

వీరదుర్గ చేతులు కడుక్కుని, మూతలు తీసి, ఒక ప్లేటు తీసుకుంది. అందులో అన్నం, పప్పు, నెయ్యి వడ్డించుకుంది. బల్ల చివర, తాతాజీ పక్కన, చోటు చేసుకుని కూర్చుని గరిటె మధ్యలోకి జరిపింది.

"రేపు నేను వండను," అంది. "ఊరు చూస్తాను. ఇంటికెళ్ళాక చెరువు సంగతి మాట్లాడదాం."

లోవరాజు గరిటె వంక చూశాడు. ధనరాజు ముందు అందుకున్నాడు, తర్వాత సాయిబాబు, తర్వాత తాతాజీ, నెయ్యి తనే వేసుకున్నాడు. ఆఖరికి లోవరాజు అడుగున మిగిలిన అన్నం గీకి పెట్టుకున్నాడు. అయిదుగురూ తలలు వంచుకుని తిన్నారు.