భుజం మీద గుండీలు

ఇలా దగ్గరికి జరగండర్రా, నా గొంతు ఈమధ్య గది దాటట్లేదు. మా చెల్లి సంగతి చెప్తాను.

ఇద్దరం ఒకే గదిలో ఎదురెదురు మిషన్ల మీద నలభై ఏళ్లు బట్టలు కుట్టాం. నాన్నకి భుజం బిగుసుకుపోయిన ఏడాది, చొక్కా తొడిగినప్పుడల్లా ఆయన పళ్లు బిగబట్టేవాడు. అది చూడలేక చెల్లి కొత్తరకంగా ఒకటి కత్తిరించింది. భుజం పొడుగునా తెరుచుకుంటుంది, నాలుగు గుండీలు. చెయ్యెత్తకుండానే తొడగొచ్చు. "ఓసి బుడంకాయా, నీకూ బుర్రుందే!" అన్నాడు నాన్న. ఆ ఒక్క మాట అది ముసలిదయ్యేదాకా చెప్పుకుంది.

మొన్నామధ్య నా మనవరాలు ఆ కత్తిరింపుని నెట్‌లో పేజీగా పెట్టింది. ఫైలు పైన ఎవరు చేశారు, ఎన్నోసారి మార్చారు, ఏ తేదీ అని రాసుకోవడం దాని పద్ధతి. "అమ్మమ్మా, ఇది కనిపెట్టింది నువ్వేగా?" అంది. నా నోటినిండా గుండుసూదులు. "ఊఁ" అని తలూపాను. సూదులు తీశాకైనా చెప్పొచ్చుగా? చెప్పలేదు. తెరమీద నా పేరు ముద్దుగా కనబడింది మరి.

వారానికి చెల్లి వచ్చి ఆ పేజీ ఫోనులో చూసింది. చాలాసేపు చూసింది. "బాగా పెట్టారే అక్కా" అని మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. దారం రంగు మీద కూడా గంట పోట్లాడే మనిషి! తిట్టినా బాగుండేది.

రేపు మార్పిద్దాం, ఎల్లుండి మార్పిద్దాం అని ఇరవై రోజులు గడిపాను. ఆ మర్నాడు పొద్దున్నే దాని కొడుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పెద్దమ్మా, అమ్మ లేవట్లేదు" అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మూడోరోజు మనవరాలికి నిజం చెప్పాను. కనిపెట్టింది చిన్నమ్మమ్మ అని దిద్ది, ఆ రోజు తేదీ వేసి, అది ఆ పేజీకి రెండో ప్రతి చేసింది.

"మొదటిది చెరిపెయ్యవే."

"అది పోదు అమ్మమ్మా. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెరగకుండా ఉంచడానికేగా ఇదంతా."

"పోనీ తేదీ ఒక్కటి నాలుగు రోజులు వెనక్కి జరుపు. అది బతికుండగానే మార్చినట్టుంటుంది."

మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. "మళ్లీ అబద్ధమేగా, అమ్మమ్మా."

అలాగే ఉంది ఇప్పటికీ. మొదటిది నా పేరుతో, రెండోది దాని పేరుతో, మధ్యలో చెల్లి చావు.

మీరెవరైనా ఈ చొక్కా కుట్టినా, ఇంకొకరికి నేర్పినా, ఒక బుడంకాయ తన నాన్న కోసం దీన్ని కత్తిరించిందని ముందు చెప్పండి. అక్క ఆలస్యం చేసిందని కూడా చెప్పండర్రా. దాచకండి.