చెన్నమ్మాళ్ కొప్పులో చుట్ట

బావిలోంచి నీళ్ళు తోడే కపిల తోలేవాడి బతుకు ఎద్దుల వెనక సగం, మోకు మీద సగం. ఎద్దులు వాలు దిగుతుంటే, వాటి కాడికి కట్టిన మోకు మీద బరువేసి కూచోవాలి, బావిలోంచి తోలు బాన పైకొచ్చి కాలువలో నీళ్ళు కుమ్మరించాక దిగి, ఎద్దులను వెనక్కి నడిపించుకుంటూ బావి గట్టుకు చేరాలి. పొద్దు పొడిచింది మొదలు ఇదే పని. పోయి రావడం, పోయి రావడం. నేనీ పని మా నాయన చేతిలోంచి తీసుకున్నాను, ఆయన వాళ్ళ నాయన చేతిలోంచి. అరవదేశంలో ఈ అవినాశి చుట్టుపక్కల నల్లరేగడిలో మా తెలుగువాళ్ళ తోటలన్నిటిలోనూ ఇంతే.

దిగేటప్పుడు పాట పాడాలి. అది సోకు కాదు. పాట ఉన్నంతసేపే ఎద్దు దిగుతుంది, ఆగితే ఆగుతుంది. మా ఎర్రోడు కొంచెం మొండి, ఎలాగో నడుస్తాడు. మైలోడికి మాత్రం నా గొంతు వినబడకపోతే కాలు పడదు. దూడగా ఉన్నప్పటినుంచీ ఆ పాట విని పెరిగాడు.

ఇక చుట్ట. మా తోటలో పండేదే పొగాకు, బావిలో నీళ్ళు ఉప్పన, ఆకుకు అదే మంచిది. మంచి ఆకు కుంఫిణీ వాళ్ళ కొట్టుకు పోయేది, చిరుగులు మాకు మిగిలేవి. కొన్ని బానలు తోడగానే ఎద్దులను నిలిపి, గట్టు మీద కూచుని, చెకుముకి కొట్టి చుట్ట వెలిగించేవాణ్ణి. చుట్ట అయ్యేదాకా నాకూ ఎద్దులకూ విశ్రాంతి. దాని పేరు మా ఊళ్ళో చుట్టపొద్దు. చుట్ట పట్టుకుని కూచున్నవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. ఉత్తచేతులతో కూచుంటే సోమరిపోతు అంటారు.

ఊపిరి తగ్గుతోందని నాకు తెలుసు. తెలియకేం? పాట సగంలో దగ్గు వచ్చేది, మింగేవాణ్ణి. ఒకరోజు మింగలేకపోయాను. వాలు నడిమధ్య, బాన నిండుగా బావిలో వేలాడుతుండగా దగ్గుతెర వచ్చి మోకు మీదినుంచి జారి పడ్డాను. పాట ఆగింది, నా బరువు పోయింది, మైలోడు నిలబడిపోయాడు. నీళ్ళ బరువు ఎద్దులను వెనక్కి లాగింది. గిట్టలు మట్టిలో గీరుకుంటూ బావి వైపు జారిపోతుంటే నేను కింద పడి చూస్తున్నాను. నా బావమరిది కరుప్పసామి పక్క మళ్ళలో కలుపు తీస్తూ ఉన్నాడు కనుక పరిగెత్తి వచ్చి ముక్కుతాళ్ళు పట్టి ఆపాడు. మైలోడి మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి.

"బావా, ఇది సురుట్టు చేసిన పని," అన్నాడు కరుప్పసామి, రొప్పుతూ. చుట్టను వాడు సురుట్టు అంటాడు. "ఈ పొద్దు కాళ్ళు చెక్కుకునింది. రేపు ఎద్దు బావిలో ఉంటాది."

మైలోడి నొసటి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను, ఇక చుట్ట ముట్టనని. మాలో ఎద్దు మీద వేసిన ఒట్టు తప్పితే ఆ ఎద్దు దక్కదంటారు.

ఒట్టు వేయడానికి ఎంతసేపు? ఆ తర్వాతే ఉంది అసలు చావు. పొద్దున లేవగానే నోరు పీకేది. గంజి తాగితే పీకేది, తాగకపోతే పీకేది. పొగాకు మళ్ళ నడుమ ఉంటూ పొగాకు మానడం ఎలాంటిదో పగవాడికి కూడా తెలియకూడదు. గాలి తిరిగితే చాలు, ఆకు ఆరబెట్టిన పందిరి వాసన ముక్కులో దూరేది, కాళ్ళు వాటంతటవే అటు తిరిగేవి. నా పెళ్ళాం చెన్నమ్మాళ్ చింతగింజలు వేయించి నా పంచె కొంగున ముడి వేసేది.

"నాలిక అడిగితే ఒకటి బుగ్గన పెట్టుకో మామా. అది నానేలోపల అడిగింది మరిచిపోతాది."

"నాలికకి నీ అంత మతిమరుపు లేదు," అని కసిరేవాణ్ణి. అయినా పెట్టుకునేవాణ్ణి. దవడలు నొచ్చేవి. ఊళ్ళో కల్యాణసుందరం చెట్టి తన కొట్టు ముందు నన్ను చూసినప్పుడల్లా, "ఏం దొరైసామీ, పుట్టుకతో వచ్చింది పుడకలతో గాని పోదంటారే, ఇంకా మానే ఉండావా?" అని నవ్వేవాడు. ఆయన నోట్లో చుట్ట ఉండేది. నేను ఆయన మొహం చూడకుండా ఆ చుట్టనే చూసి వచ్చేవాణ్ణి.

ఎవరి మీద కోపమో తెలియదు, అందరి మీదా కోపమే. గంజిలో ఉప్పెక్కువైందని ముంత విసిరాను. ఎర్రోణ్ణి తిట్టాను. ఒకనాడు మైలోణ్ణి కర్రతో కొట్టాను. పుట్టినప్పటినుంచీ వాణ్ణి నేను కొట్టలేదు. వాడు తల తిప్పి నన్ను చూశాడు, అంతే, మళ్ళీ నడిచాడు.

అప్పటికీ నాకు బుద్ధి రాలేదు. నేను చేస్తున్న తప్పు ఏమిటంటే, చుట్ట మానినవాణ్ణి చుట్టపొద్దు కూడా మానేశాను. చేతిలో చుట్ట లేకుండా ఎలా కూచునేది? కూచుంటే నోరు మరీ పీకుతుంది, చూసేవాళ్ళు సోమరి అంటారు. అందుకని ఆగకుండా తోలాను. ఎద్దులు పాత అలవాటు కొద్దీ గట్టు దగ్గర నిలబడేవి. నేను అదిలించేవాణ్ణి. అలా ఎన్నాళ్ళు తోలానో, మైలోడి డొక్కలు లోపలికి పోయాయి. నా ఒళ్ళూ అంతే. రాత్రి పడుకుంటే తెల్లారేది, అలసట అలాగే ఉండేది.

చివరికి ఒక మధ్యాహ్నం మైలోడు బావి గట్టు దగ్గర పడుకున్నాడు. అదిలించాను, లేవలేదు. తోక మెలిపెట్టాను, లేవలేదు. కాడి విప్పి ఎర్రోణ్ణి పక్కన కట్టి, వాడి ముందు కూలబడ్డాను. ఎండ మాడుస్తోంది. కరుప్పసామి అవినాశి సంతకు పోయాడు, చుట్టుపక్కల ఎవరూ లేరు. చెన్నమ్మాళ్ మళ్ళకు అవతలి కొసన మడవ తిప్పుతూ, మడి తర్వాత మడికి నీళ్ళు పెడుతూ ఉంటుంది, పొగాకు ఎత్తులో ఆమె కనబడదు.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఎంత తియ్యగా వచ్చిందో చెప్పలేను. వీడు పొగవాసనకు అలవాటు పడ్డ ఎద్దు. పొగ వస్తే విశ్రాంతి, పొగ ఆరితే లేవాలి. ఆ లెక్క తప్పింది కనుకే వీడు ఇలా పడుకున్నాడు. ఒక్కటి వెలిగిస్తే వాడే లేస్తాడు. నా కోసం కాదు, ఎద్దు కోసం. పందిరి కిందికి పోయి ఒక ఆకు తీసి, ఈనె చీల్చి, చుట్టాను. వేళ్ళు మరిచిపోలేదు. గట్టు మీద కూచుని చుట్ట నోట పెట్టుకుని చెకుముకి తీశాను. ఒక దెబ్బ కొట్టాను. రవ్వ దూదికి అంటుకోలేదు.

రెండో దెబ్బకు చెయ్యి ఎత్తేలోపల ఆకుల మధ్య అలికిడైంది. చెన్నమ్మాళ్ పరుగున వచ్చింది, భుజాన పార, మోకాళ్ళదాకా బురద, ఒక మోకాలి మీద నెత్తురు. దోవలో ఎక్కడో పడినట్టుంది. నన్ను చూసి ఆగింది. పార కిందపెట్టి, నడుం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది.

"ఎద్దు కోసమే," అన్నాను, చుట్ట నోట్లోనే ఉంది. "పొగ వాసన తగిలితే లేస్తాడని."

"ఓహో. మైలోడు అడిగినాడా నిన్ను?"

నేను చుట్ట తీసి చేతిలో పట్టుకున్నాను. ఆమె నా పక్కన కూచుంది. నాకు తిట్లు పడతాయనుకున్నాను. పడలేదు. అలసిపోయిన గొంతుతో మాట్లాడింది.

"నాకు అక్కడినుంచి నువ్వు అగుపడవు మామా. నీ పాటే. పాట ఉంటే నీళ్ళు వస్తాయని మడవ తిప్పేది. పాట ఆగితే పార మీద చెయ్యేసి బావి పక్కం చూసేది. కొంజెం సేపటికి పొగ లేస్తాది. ఆ, కూచున్నాడు, చుట్ట తాగుతా ఉండాడు అని నా పని నేను చూసుకునేది. నువ్వు జారి పడిన దినం పొగ లేవలే. ఈ పొద్దూ పాట ఆగింది, పొగ లేవలే. నువ్వు గట్టు మీద ఉండావో బావిలో ఉండావో నాకెట్ల తెలుస్తాది?"

ఇన్నేళ్ళలో పాట ఆగినప్పుడల్లా ఆ కొసన ఒక మనిషి నిలబడి చూస్తూ ఉంటుందని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. సిగ్గేసింది. సిగ్గు దాచుకోవడానికి కోపం తెచ్చుకున్నాను.

"అయితే వెలిగించమంటావా? నీకు తెలియాలంటే పొగ కావాలి కదా."

"ఏల? నీకు నోరు లేదా? సుమ్మా, ఊరికే కూచున్నప్పుడు ఒక కేక వెయ్యి, ఉండానే అని. నేనూ ఉండా అంటాను. పొగ కంటే కేక దూరం పోతాది."

"సుమ్మా కూచుంటే ఊరు ఏమంటాది?"

"ఊరు వచ్చి నీ మోకు మీద కూచుంటాదా?"

ఆమె నా చేతిలోని చుట్ట తీసుకుంది. విసిరేస్తుందనుకున్నాను. పువ్వు పెట్టుకున్నట్టు కొప్పులో దోపుకుంది.

"ఇది నాకాడ ఉంటాది. ఒట్టు నీది, ఎద్దు నీది, నేను వద్దనను. కావాలంటే మడవ కాడికి నడిచి వచ్చి అడుగు."

ఇద్దరం అలాగే కూచున్నాం. పొగ లేదు, ఏమీ లేదు. నోరు పీకుతూనే ఉంది. చింతగింజ ఒకటి బుగ్గన పెట్టుకున్నాను, ఒకటి ఆమెకిచ్చాను. పందిరి నీడ మా మీదికి తిరిగింది. మైలోడు మొదట నెమరు వేశాడు, తర్వాత ముందు మోకాళ్ళ మీద లేచి, ఒళ్ళు దులుపుకుని నిలబడ్డాడు. ఎవరూ అదిలించలేదు. వాడికి కావలసింది పొగ కాదని ఆ ఎద్దుకు ఎప్పుడూ తెలుసు, నాకే తెలియలేదు. చెన్నమ్మాళ్ పార తీసుకుని కుంటుకుంటూ మళ్ళలోకి పోయింది.

కాడి కట్టాను. మోకు మీద కూచుని పాట ఎత్తుకున్నాను.

"దిగు దిగు మైలన్నా, దేవుడే తోడు..."

ఎద్దులు దిగాయి. బాన నిండి బావిలోంచి పైకి లేచింది, గిలక మూలిగింది. వాలు సగం దిగేసరికి ఊపిరి అయిపోయింది. ఎన్నేళ్ళు తాగింది ఎన్నాళ్ళు మానితే పోతుంది? రెండో చరణం నోట రాలేదు. మైలోడి అడుగు తడబడింది. నిండు బాన బరువు మోకులో తెలిసింది. కళ్ళు మూసుకున్నాను.

ఆడది కపిల పాట పాడితే బావి ఎండిపోతుందని మా పెద్దవాళ్ళ మాట. మా అమ్మ పాడలేదు, మా అవ్వ పాడలేదు. పొగాకు మళ్ళ అవతలినుంచి, సన్నగా, కొంచెం వంకరగా, చెన్నమ్మాళ్ గొంతు వచ్చింది.

"అడుగున ఉన్న గంగమ్మ పైకొచ్చె నేడు..."

మైలోడి చెవులు అటు తిరిగాయి. వాడి కాలు పడింది. ఎర్రోడి కాలు పడింది. బాన పైకొచ్చి కాలువలో నీళ్ళు కుమ్మరించింది. నేను మోకు దిగి నిలబడ్డాను. కళ్ళు తడిసిపోయాయి, తుడుచుకోలేదు.

"ఉండానే!" అని కేక వేశాను.

"ఉండా మామా. నీళ్ళు వస్తా ఉండాయి, తోలు," అంది.

ఎద్దులను వెనక్కి నడిపించుకుంటూ బావి గట్టుకు వచ్చి లోపలికి తొంగి చూశాను. నీళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి.