జారవిడిచిన వరుసలు

బర్మాలో, లమ్మడా పేటలోని ఆ రక్తపరీక్షల లాబ్‌లో ప్రోగ్రాములు రాసే ప్రమోదకి నిదానస్తురాలని పేరు. ఆరు శాఖల నుంచి వచ్చే ఫైళ్లు చదివి, రోగుల ఫోన్లకి ఫలితాలు పంపే పని ఆమెకి అప్పగించారు.

దాన్ని ఆమె ఒకే ముద్దగా రాయలేదు. మొదట ఫైలులోంచి బైట్లని ధారలా చదువుకుపోయే స్ట్రీమ్ ఒకటి రాసింది. చదివినదాన్ని కాసేపు నిలవుంచే బఫర్ దానికి తొడిగింది. ఆ పైన పాత బర్మా ఫాంటు అక్షరాల్ని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాము ముక్క, దాని మీద రోగికొకటిగా ఉన్న వరుసల్ని విడదీసి పేరూ ఫలితమూ చేతికిచ్చే ఇంకో ముక్క. దేని పని దానిదే. ఒక పొర సరిగా నడిచిందని చూసుకున్నాకే ఇంకోటి తొడిగింది. అన్నిటికన్నా పైన కాపలా పొర: వరుస చదవరాకపోతే అక్కడే ఆగి మనిషిని పిలుస్తుంది.

మొదటి వారంలోనే అది పదకొండుసార్లు ఆగింది. మేనేజర్ కో తెట్‌కి విసుగొచ్చింది.

"పాడైన వరుసని వదిలేసి ముందుకెళ్లమను."

"అది ఎవరిదో మనకి తెలీకుండా పోతుంది సార్."

"కావలిస్తే వాళ్లే వచ్చి అడుగుతారు."

ప్రమోద ఇంకాస్త వాదించి ఉండవచ్చు. వాదించలేదు. కాపలా పొర పీకేసి, తప్పొస్తే నోరు మూసుకుని సాగిపొమ్మని రెండు లైన్లు రాసింది. కో తెట్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ఆమెకి తియ్యగానే ఉంది.

రెండు నెలలకి కౌంటర్ దగ్గర ఒకావిడ బర్మీస్‌లో అడిగి అడిగి, ఎవరూ పట్టించుకోకపోయేసరికి తెలుగులో శాపనార్థాలు మొదలుపెట్టింది. ప్రమోద లేచి వెళ్లింది.

"ఏటైంది పిన్నీ?"

"మనోళ్ల పిల్లవా? నా పేరు పైడితల్లి, తామ్వేలో ఉంటాం. మా ఆయన అప్పయ్య రక్తం ఇక్కడే ఇచ్చినాడు. మెసేజీ రానేదు. రానేదంటే జబ్బేటీ నేదు కాబోలనుకున్నాం."

"ఇప్పుడు ఎలా ఉన్నారు?"

"పోనాడమ్మా, మొన్న మంగళవారం. కిడ్నీలు పాడైపోనాయట. ముందే తెలిస్తే బతికీవోడని పెద్దాసుపత్రిలో సెప్పినారు. ఆ కాయితం ఇవ్వండి. అందులో ఏటుందో సూడాల నాను."

ప్రమోద పాత ఫైలు తెరిచింది. అప్పయ్య వరుస అందులోనే ఉంది. తెలుగు పేరుని బర్మా అక్షరాల్లో కొట్టడంలో ఎవరో తడబడ్డారు; ఒక్క అక్షరం విరిగింది, ప్రోగ్రాము ఆ వరుసని వదిలేసి ముందుకెళ్లిపోయింది. కిడ్నీ పరీక్ష అంకె మాత్రం స్పష్టంగా ఉంది, ఉండవలసిన దానికి అయిదింతలు.

కాగితం అందుకుంటూ పైడితల్లి అడిగింది. "ఎవలి తప్పమ్మా ఇది?"

నాదే అనబోయింది. వెనక కో తెట్ నిలబడి ఉన్నాడు.

"కంప్యూటర్‌లో తప్పు పిన్నీ."

"మరి నువ్వేటి సేత్తావులే తల్లీ," అని పైడితల్లి ఆమె చెంప నిమిరి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ప్రమోద జారిపోయిన వరుసలన్నీ వెలికితీసి, ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసింది. కొందరు ఎత్తలేదు. ఎవరినీ అడక్కుండా కాపలా పొరని మళ్లీ తొడిగింది.

నెల తిరక్కుండా కో తెట్ ఆ పొరని ఇంకొకరి చేత తీయించాడు. ప్రమోదని మింగళాడోన్ శాఖకి పంపాడు. అక్కడ ఆమె పని రక్తం సీసాలకి లేబుళ్లు అంటించడం.