కొట్టేసిన ఏడు కొలతలు

కెమిస్ట్రీలో బీయస్సీ పాసైన సుందరి, ఎనభై ఎనిమిదిలో ఎమ్మే సైకాలజీకి దరఖాస్తు పెట్టిందని తెలిసి కలకత్తా వాట్‌గంజ్‌లోని పోర్టు క్వార్టర్లన్నీ ముక్కున వేలేసుకున్నాయి.

"పిచ్చోళ్ల సదువు నీకేటికే గుంటా?" అంది తల్లి దాలమ్మ.

పిచ్చివాళ్ల సంగతి సుందరికి పట్టలేదు. బుద్ధున్నవాళ్లు ఏ పని ఎందుకు చేస్తారో తెలియకపోతే ఆ పిల్లకి అన్నం సయించదు.

వేరే సబ్జెక్టు చదివినవాళ్లకి ఆ ఏడు ఉన్నది ఒక్కటే సీటు. అది కావాలంటే సొంతంగా ఓ మనిషిని గమనించి రాసుకురమ్మన్నారు. సుందరి ఎక్కడికో వెళ్లి వెతుక్కోలేదు. తండ్రి గవరయ్య ఖిదిర్‌పూర్ డాక్‌లో సిగ్నల్‌మన్. ఓడ లోపలి సంగతి పైనున్న క్రేన్ డ్రైవరు మల్లేశుకి కనపడదు. డెక్కు మీద నిలబడి గవరయ్య చెయ్యెత్తితే, మల్లేశు అది చూసి క్రేను గొలుసు దించుతాడు. ఎత్తిన చేతికీ కదిలిన గొలుసుకీ మధ్య ఎంతసేపో, సుందరి డాక్ పక్కనున్న వంతెన మీంచి స్టాప్‌వాచీతో ముప్ఫైసార్లు కొలిచింది. కొత్త సిగ్నల్‌మన్ కామేష్‌కీ అన్నేసార్లు. కామేష్ సైగకి రెండు సెకన్లు. గవరయ్య సైగకి ఒక్కటైనా పట్టదు. పాత పరిచయం, నమ్మకం అని రాసుకుని ధీమాగా ఇంటర్వ్యూకి వెళ్లింది.

ప్రొఫెసరమ్మ కాగితాలు తిప్పి, బెంగాలీలో అడిగింది. "కామేష్‌కి ముప్ఫై కొలతలున్నాయి. మీ నాన్నకి ఇరవైమూడే. తక్కిన ఏడూ ఏవి?"

"కొట్టేశానండీ. వాటిలో చెయ్యి లేవకముందే గొలుసు కదిలింది. వాచీ నేనే తప్పు నొక్కాననుకున్నాను." తేడా వచ్చిన రీడింగుని పక్కన పారెయ్యడం ఆ పిల్లకి లాబ్‌లో మూడేళ్ల అలవాటు.

"ఏడుసార్లూ తప్పే నొక్కావా? నాకు కావలసింది ఆ ఏడే. శుక్రవారానికి తెలుసుకుని రా. లేదంటే కెమిస్ట్రీయే చదువుకో."

సుందరికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కానీ బస్సెక్కేసరికి సిగ్గు పోయి ప్రశ్న ఒక్కటే మిగిలింది. తిన్నగా డాక్ గేటుకి పోయి, డ్యూటీ దిగిన మల్లేశుని టీ కొట్టు దగ్గర పట్టుకుంది.

"సిన్నాన్నా, అయ్య సెయ్యెత్తకముందే గొలుసెలా దించుతావు?"

మల్లేశు నవ్వాడు. "సెయ్యెత్తీ ముందు మీ అయ్య ఎడం మడమ లేపుతాడమ్మా. పదేళ్లై సూత్తన్నాను. ఆ సంగతి ఆయనకే తెల్దు."

సుందరికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఇంటికి రాగానే గవరయ్య అడిగాడు. "నా మీదే రాత్తన్నావంట గదా, ఏటి కనిపెట్టావే?" చెప్పాలని నాలుక దురద పెట్టింది. అంతలో రేపటి డ్యూటీ గుర్తొచ్చి, "ఇంకా తేల్లేదయ్యా" అని అన్నం ముందు కూర్చుంది. తండ్రికి అబద్ధం చెప్పినందుకు మనసు చివుక్కుమంది.

శుక్రవారం ప్రొఫెసరమ్మ అంతా చదివి తల పంకించింది. "మీ నాన్న ఏమన్నారు?"

"చెప్పలేదండీ."

"ఏం?"

"చెబితే రేపట్నించి ఆయన తన కాలు చూసుకుంటాడు. అప్పుడా మడమ మునుపట్లా లేవదు. పైన క్రేన్లో ఉన్నాయన ఆ మడమనే నమ్ముకున్నాడు. గొలుసు కింద పదిమంది పనిచేస్తుంటారు."

ప్రొఫెసరమ్మ కాగితాలు మూసి పక్కన పెట్టింది. "ఇది ఏ పుస్తకంలో చదివావు?"

"ఎందులోనూ చదవలేదండీ."

ఆవిడ దరఖాస్తు దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది. సీటొచ్చిందని సుందరి ఇంట్లో చెప్పుకోవచ్చు. దేనికొచ్చిందో మాత్రం గవరయ్య రిటైరయ్యేదాకా చెప్పడానికి లేదు.