మెట్ల కింది మ్యాపుల బీరువా

నేను ఒక ఉక్కు బీరువాని. ఆ మాట వినగానే మీ కళ్ళ ముందు నిలువుటద్దం, లోపల పట్టుచీరలు, ఓ మూల చిన్న లాకరు కనిపిస్తే ఆ తప్పు మీది, నాది కాదు. నేను ఆ జాతిదాన్ని కాదు. నిలువుగా ఉండను, అడ్డంగా ఉంటాను. ఎత్తులో మీ నడుం దాకా వస్తాను. తలుపులుండవు. ఒకదాని కింద ఒకటి పన్నెండు సొరుగులు, ఒక్కొక్కటీ వెడల్పుగా, పళ్ళెంలా పల్చగా ఉంటాయి. ఊళ్ళ మ్యాపులు మడత పెట్టకుండా పరిచి దాచడానికి నన్ను చేశారు. మడత పెడితే మ్యాపు మీద పొలం గట్టు చిరుగుతుంది. గట్టు చిరిగితే అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. అంచేత నాది చిన్న ఉద్యోగమేం కాదు.

పుట్టింది మద్రాసులో, అరవై రెండో సంవత్సరంలో. ఏనుగు రంగు పూసి, ఇత్తడి పిడులు బిగించి, రైలెక్కించి గోదావరి ఒడ్డున ఒక సర్వే ఆఫీసుకి పంపారు. నా పైపలక రెండు వైపులా చెరో వేలెడు బయటికి చొచ్చుకుని ఉంటుంది. ఆ అంచు మీద నాకు మొదటినుంచీ కాస్త గర్వం. దాని మీద మోచెయ్యి ఆనించి నిలబడితే ఎంత చిన్న గుమాస్తా అయినా జిల్లా అధికారిలా కనిపించేవాడు.

నలభై ఏళ్ళు నా చుట్టూ జరిగిన తమాషాలు చెప్పాలంటే ఒక రోజు చాలదు. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు సరిహద్దు తగాదా మీద వచ్చారు. సర్వేయరు భోజనానికి వెళ్ళాడు. ఆయన వచ్చేదాకా ఇద్దరూ నాకు చేరగిలబడి ఒకే అగ్గిపుల్లతో చెరో బీడీ వెలిగించుకున్నారు, గేదె ఈనిన కబురు చెప్పుకున్నారు, నవ్వుకున్నారు కూడా. సర్వేయరు వచ్చి నా ఐదో సొరుగు లాగి మ్యాపు పరిచాడో లేదో, ఒకడి చొక్కా ఒకడు పట్టుకున్నారు. ఆ మ్యాపు నా కడుపులోంచి తీసిందే కాబట్టి నాకూ సిగ్గనిపించింది.

ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. పైఅధికారి తనిఖీకి వస్తున్నాడంటే ముందు రోజు నాకు రంగు వేసేవారు. కాగితాలు సర్దడం కష్టం, రంగు వెయ్యడం తేలిక. అలా ఏనుగు రంగు మీద ఆకుపచ్చ, దాని మీద నీలం, నీలం మీద మీగడ రంగు, ఇలా ఏడు పూతలు పడ్డాయి. ఆఖరి రెండు పూతలూ సొరుగులు మూసి ఉండగానే సందుల మీదుగా లాగించేశారు. దాంతో నాలుగు సొరుగులు బిగుసుకుపోయాయి. ఎందుకు తెరుచుకోవడం లేదని అడిగిన నాథుడు లేడు. అప్పటికే కంప్యూటర్లొచ్చి మ్యాపులన్నీ వాటిలోకి బదిలీ అయిపోయాయి. నా నెత్తిన టీ ఫ్లాస్కు పెట్టారు. ఆ తర్వాత నన్ను వరండాలోకి, వరండాలోంచి పెరట్లోకి నెట్టి, రిజిస్టరులో నా నంబరు పక్కన ‘నిరుపయోగం’ అని రాసి చేతులు దులుపుకున్నారు. రెండు వర్షాకాలాలు అక్కడే తడిశాను. ఏడవలేదని అబద్ధం చెప్పను.

వేలంలో నన్ను కొన్నది సత్యానందం. జాంపేటలో అతనికో రేకుల షెడ్డుంది. ఆఫీసులు వదిలించుకున్న ఇనప సామాన్లు తెచ్చి, గీకి, బాగుచేసి, కొత్త పనుల్లో పెడుతుంటాడు. అతని చేతిలో ఫైళ్ళ అరలు టిఫిన్ బండికి అలమరాలయ్యాయి. ఒక తాసిల్దారు గుండ్రంగా తిరిగిన కుర్చీ ఇప్పుడు మంగలి షాపులో తిరుగుతోంది. దానికి ఇప్పుడే పని ఎక్కువట.

షెడ్డులో నన్ను గీకుతూ సత్యానందం ఒకటే తిట్లు. నీలం పూత దగ్గరికి వచ్చేసరికి మరీ రెచ్చిపోయాడు. “ఎవడేశాడో గానీ దరిద్రుడు, కింద తుప్పు కూడా దులపలేదు” అన్నాడు. ఇంకాస్త గీకగానే ఆ నీలం మీద తెల్లరంగుతో రాసిన నా ఆఫీసు నంబరు బయటపడింది. అందులో తొమ్మిదికి పొడుగాటి తోక ఉంది. సత్యానందం చెయ్యి ఆగిపోయింది. వయసులో ఉన్నప్పుడు అతను ఆఫీసులకి రంగులేసే కాంట్రాక్టరు దగ్గర కూలికి వెళ్ళేవాడు. ఆ తోక అతనిదే. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, ఆ తొమ్మిదిని అందరికంటే ముందు గీకేశాడు. ఆ తర్వాత తిట్లు తగ్గాయి.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం వీరవేణి వచ్చింది. ఆవిడ తాడితోటలో ఒక మ్యాచింగ్ సెంటర్లో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. చీర చూపిస్తే చాలు, దానికి తగిన జాకెట్టు ముక్క ఏ అరలో ఎన్నోదో చెప్పేస్తుందని పేరు. మీరూ నేనూ మెరూన్ అని ఊరుకునే రంగులో ఆవిడకి ఏడు రకాలు కనిపిస్తాయి. గుడ్డ కొలిచేటప్పుడు మాత్రం ఆవిడకో అలవాటుంది. మీటరు బద్ద చివర బొటనవేలు ఆనించి, ఆ వేలు దాటాక గానీ కత్తెర వెయ్యదు. కొనేవాళ్ళకి ప్రతిసారీ వేలెడు గుడ్డ ఎక్కువ వెళుతుంది. అది యజమాని కంట్లో పడింది.

“ఆ బొటనవేలే నా షాపుని తినేస్తంది, దాన్ని అదుపులో పెట్టుకోమన్నాడండి” అని సత్యానందానికి చెప్పింది వీరవేణి. “మానేసి వచ్చేశానన్నయ్యా. శ్రావణమాసం మొదటి శుక్రవారానికి సొంతంగా కొట్టు పెట్టుకోవాలి. జాకెట్టు ముక్కలకి శ్రావణం పోతే ఏడాది పోయినట్టే. అప్పుడు మళ్ళీ ఆయన గుమ్మమే ఎక్కాలి.”

కొట్టు కూడా చూసుకుందట. గోవిందరాజు మాస్టారి మేడ మెట్ల కింద ఖాళీ జాగా. ఎత్తు తక్కువ, అరలు నిలబెట్టడానికి కుదరదు. నాలాంటి పొట్టిది, సొరుగులున్నది అయితేనే అక్కడ పనికొస్తుంది. నన్ను లోపలి గోడకి ఆనించి, తను ముందు కూర్చుని, పైన ట్యూబులైటు పెట్టుకోవాలని ఆవిడ ఆలోచన. నా సొరుగొకటి లాగి, లోపల అరచేత్తో నిమిరి చూసింది. ఉక్కుని అలా ఎవరైనా నిమురుతారని నాకు అప్పటిదాకా తెలియదు.

చీర కొంగు బొడ్లో దోపి, తన ఇనప మీటరు బద్ద తీసి నన్ను కొలిచింది. ఒక మీటరు, చివర బొటనవేలు. ఆ వేలు దాటాక మళ్ళీ పావు మీటరు, మళ్ళీ బొటనవేలు. “మీటరుం పావు” అని తేల్చేసింది. నిజానికి నేను మీటరుం పావు మీద రెండు వేళ్ళు. నన్ను కూడా గుడ్డని కొలిచినట్టే కొలిచి, ఆ రెండు వేళ్ళూ ఉదారంగా వదిలేసింది. సత్యానందం జేబులో టేపు ఉంది. కానీ బట్టల కొట్టు ఆవిడ కొలతకి తిరుగేముందని తియ్యలేదు. నాకు నోరు లేకపోయె.

గోవిందరాజు మాస్టారు రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆయన మాత్రం ఆ జాగా వెడల్పుని లోపలి గోడ దగ్గర స్టీలు టేపుతో కొలిచి, మీటరుం పావు మీద సరిగ్గా ఒక్క సెంటీమీటరు అని కాగితం మీద రాసిచ్చాడు. వీరవేణి లెక్కలో నేను హాయిగా పట్టేస్తాను.

ఆ నెలంతా నాకు రాజభోగం. సత్యానందం బిగిసిన సొరుగుల సందుల్లో రంగు కోసి, చెక్కసుత్తితో మెల్లగా తట్టి ఊడదీశాడు. పట్టాలకి కొవ్వొత్తి రుద్దితే సొరుగులు వేలితో తోసినా జారాయి. ఇత్తడి పిడులు చింతపండుతో తోమాడు. ఈసారి తుప్పు మొత్తం దులిపి, ఎర్ర ప్రైమరు కొట్టి, పైన మళ్ళీ ఏనుగు రంగు పూశాడు. వీరవేణి వచ్చి పిడుల కింద ఊళ్ళ పేర్లుండే చోట రంగుల పేర్లు రాసి, ఏ సొరుగులో ఆ రంగు జాకెట్టు ముక్కలు సర్దిపెట్టింది. ఉల్లిపొర, కనకాంబరం, నెమలికంఠం, వంకాయ, గంధం, చిలకపచ్చ. పొలాల సర్వే నంబర్లు మోసినదాన్ని, ఆ పేర్లు తగిలించుకుని అద్దం ముందు నిలబడాలనిపించింది.

శుక్రవారం పొద్దున ఏడింటికి ట్రాలీ ఆటోలో దిగాను. పసుపు రాశారు, బొట్లు పెట్టారు. నలుగురు మనుషులు పట్టి మెట్ల కిందికి తోశారు. పాతకాలం గోడలు కదా, నోటి దగ్గర విశాలంగా ఉండి లోపలికి పోనుపోను ఇరుకయ్యాయి. సగం దూరం వెళ్ళి ఆగిపోయాను. ఇంకా తోస్తే గోడ సున్నం రాలింది గానీ నేను కదల్లేదు. సగం లోపల, సగం అరుగు మీద.

మాస్టారు టేపు తెచ్చి నన్ను కొలిచాడు. “నూట ముప్పయ్యమ్మా. నువ్వు నూట పాతికన్నావు” అన్నాడు.

వీరవేణి నమ్మలేదు. బద్ద తెచ్చి నా మీద పెట్టింది. చివర తన బొటనవేలు తనంతట తానే వచ్చి కూర్చోవడం చూసుకుంది. ఆ వేలి వంకే చూస్తూ అరుగు మీద కూలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

“ఆయన అన్నమాటే నిజమైంది మాస్టారూ. నా వేలే నా కొట్టు తినేసింది.”

“ఊరుకోమ్మా” అన్నాడు సత్యానందం. “పైపలక అంచులు రెండు పక్కలా కోసేస్తే లోపలికి పోద్ది. అరగంట పని.”

ఆటోలోంచి కోత మిషను తెచ్చాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. వానలో తడిసినప్పుడు కూడా అంత భయపడలేదు. అతను వైరు లాగి మాస్టారి ఇంట్లో ప్లగ్గులో పెట్టాడు, స్విచ్చి వేశాడు. అంతలో కరెంటు పోయింది.

ఎనిమిదయింది, ఎనిమిదిన్నరయింది. కరెంటు రాలేదు. సంచీ పట్టుకుని ఒకావిడ మెట్ల దగ్గర ఆగింది. పై శుక్రవారం వ్రతానికి చీర కొన్నదట, జాకెట్టు ముక్క కోసం తిరుగుతోందట.

“మూడుసార్లు మార్చానండి. షాపులో చూస్తే ఒకటే రంగు. ఇంటికెళ్ళి చూస్తే చీరొక దారి, జాకెట్టొక దారి” అంది.

“ట్యూబులైటు మహిమండి అది” అంటూ వీరవేణి కళ్ళు తుడుచుకుని లేచింది. అలవాటైన చేతులు కదా, ఏడుస్తూ కూర్చోలేవు. చీర అందుకుని ఎండలోకి తిప్పి చూసింది. నా మూడో సొరుగు లాగింది. అది నేరుగా అరుగు మీదికి, పొద్దుటి వెలుగులోకి తెరుచుకుంది. కనకాంబరాలు పదమూడు రకాలు వరసగా పడుకుని ఉన్నాయి. ఒకటి తీసి చీర మీద వేసింది. అతికినట్టు కలిసిపోయింది.

ఆవిడ డబ్బిచ్చి ముక్క సంచీలో పెట్టుకుంది. తీసుకెళ్ళి, గంటలో ఇద్దరు తోటికోడళ్ళని వెంటబెట్టుకొచ్చింది. షాపుల్లో అయితే ముక్క చేత్తో పట్టుకుని వీధిలోకి వెళ్ళి, వెలుగులో చూసుకుని, కాదని మళ్ళీ లోపలికి రావాలి. అమ్మేవాళ్ళు విసుక్కుంటారు. ఇక్కడ వీధిలోనే సొరుగు. ఎవరికి కావలసింది వాళ్ళే లాగి చూసుకోవచ్చు. పది దాటేసరికి నా చుట్టూ మోచేతుల తోపులాట. ఒకరు వంకాయ సొరుగు లాగితే ఇంకొకరి మోకాలికి తగిలింది, ఇద్దరూ కాసేపు వాదించుకుని చివరికి ఒకరికొకరు రంగులు ఏరిపెట్టుకున్నారు.

పదకొండింటికి కరెంటు వచ్చింది. సత్యానందం మిషను పట్టుకుని ముందుకి వచ్చాడు.

“దాన్ని ముట్టుకోవద్దన్నయ్యా” అంది వీరవేణి, చేతిలో ముక్క మడతపెడుతూ. “ఇది ఇక్కడే ఉంటాది.”

మాస్టారు ఊరుకోకుండా టేపు తీసి నా ముందు భాగం నుంచి వీధి దాకా కొలిచాడు. “అరుగు దాటలేదు. ఇంకా పన్నెండు సెంటీమీటర్లుంది” అని తృప్తిపడ్డాడు. వానొస్తే పైన బాల్కనీ అడ్డుంది. సొరుగులన్నిటికీ కలిపి నిలువుగా ఒక ఉక్కు పట్టీ, దానికో తాళం నాకు మొదటినుంచీ ఉన్నాయి కాబట్టి వేరే తలుపు అక్కర్లేకపోయింది. నా వెనక మిగిలిన చీకటి జాగాలో ఒక పిల్లి కాపురం పెట్టింది.

ఆ రోజు దీపాలు పెట్టే వేళకి ఇంకొకావిడ హడావిడిగా వచ్చింది. ఉల్లిపొర రంగు పట్టుచీర. వీరవేణి మాస్టారి వరండా దీపం కింద ముక్కలు రెండు మూడు వేసి చూసి, మళ్ళీ మడతపెట్టేసింది.

“ఈ లైట్లో నేను చెప్పలేనండి. మీ చీర పాడు చేసినదాన్నవుతాను. రేపు పొద్దున్నే రండి, వెలుగులో చూసి ఇస్తాను.”

ఆవిడ మొహం ముడుచుకుని, ఎదురుగా జిగేలుమంటున్న షాపుల వైపు వెళ్ళిపోయింది.

“మొదటిరోజే వచ్చిన బేరాన్ని పంపించేశావేంటమ్మా” అన్నాడు సత్యానందం. వీరవేణి సొరుగులు ఒక్కొక్కటే లోపలికి తోసి తాళం వేసుకుంది.

నిజం చెప్పొద్దూ, సత్యానందం మాటే నాకూ సబబనిపించింది. రేపు రండి అనే మాట నాకంటే ఎక్కువసార్లు విన్నవాళ్ళెవరూ ఉండరు. మా ఆఫీసులో నలభై ఏళ్ళు రోజూ అదే మాట. చెప్పేవాడికి రేపు చూసే ఉద్దేశం ఉండదు, వినేవాడికి నమ్మకం ఉండదు. పని ఉంది గనక పాపం తిట్టుకుంటూ మళ్ళీ వచ్చేవారు. ఈవిడకి ఆ అవసరం కూడా లేదు, ఎదురుగా ఇరవై షాపులున్నాయి. ఇక రాదని నేను ఖాయం చేసుకున్నాను.

మర్నాడు ఇంకా ఎండ పూర్తిగా రాలేదు. వీరవేణి రావడానికి ఇంకా గంట టైముంది. ఆ ఉల్లిపొర చీర ఆవిడ అప్పటికే వచ్చి, చీర మడత విప్పుకుని, నా పక్కన అరుగు మీద కూర్చుని వెలుగు కోసం చూస్తోంది.