గాటు కిటికీ వైపు

మా ఆడపడుచు భర్తను మా వాళ్ళందరూ తడిచెయ్యి అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. నలుగురూ చేరినచోట ఎవరైనా దీపాల తీగ సరిచేస్తుంటే, "బావా, నీకు దండం పెడతా, నువ్వు మాత్రం ఇటు రాకు!" అని మావారు కేకేసేవారు. అందరూ పగలబడి నవ్వేవారు. ఆయన కూడా నవ్వి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఓ మూల నిలబడేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే తంతు.

ఆయనకు ఒకప్పుడు వీధి మలుపులో చిన్న ఆటల హాలు ఉండేది. మూడు వీడియో గేమ్ పెట్టెలు. అందులో ఒక దానికోసమే జనం వచ్చేవారు. పడవవాడు రాళ్ళనూ మొసళ్ళనూ తప్పించుకుంటూ నది దాటే ఆట అది. ఒకసారి ఆ పడవవాడు ఆడుతూ ఆడుతూ మినుకుమినుకుమనడం మొదలుపెట్టాడు. ఆయన చేతులు కడుక్కుని, పెట్టె తెరిచి, లోపలి సర్క్యూట్ బోర్డు తీసి, తువ్వాలులో చుట్టి చంటిపిల్లను మోసుకొచ్చినట్టు మా రిపేరు కొట్టుకు తెచ్చాడు. మరునాడు వచ్చేసరికి మావారు తేల్చేశారు: "తడిచేత్తో ముట్టుకున్నావు బావా. లోపలంతా షార్టయిపోయింది. ఇది ఇక లేవదు."

అలాంటి బోర్డు మళ్ళీ దొరకలేదు. హాలు మూతపడింది. ఆయన ఒక గోదాములో కాపలా పనికి కుదిరాడు. పేరు మాత్రం మిగిలింది.

మావారు పోయి ఆరేళ్ళు. ఇప్పుడు కొట్టు మా అమ్మాయిది. పాత ఆటల బోర్డులు దాచుకునేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో పంపిస్తారు. "మీ నాన్నగారి చేతికి తిరుగులేదమ్మా" అంటూనే పంపిస్తారు. టంకం పని నాది. నా చెయ్యి ఇంకా వణకదు.

పోయినవారం తడిచెయ్యి ఫోను చేశాడు. "చెల్లెమ్మా, ఆ చచ్చిన బోర్డు అటక మీద ఉందా? ఉంటే ఇవ్వు, గోడకు తగిలించుకుంటాను. నా ఘనకార్యం అది."

మా అమ్మాయి నవ్వి, "మామయ్యకి చచ్చింది ఎందుకిస్తాం, బతికించే ఇద్దాం" అంది. గురువారం సాయంత్రం నాలుగింటికి రమ్మంది.

గురువారం పొద్దున్నే బోర్డును బల్ల మీద పెట్టి తెరకు కలిపాం. నది పారింది. ఒడ్లు, చెట్లు, పైన అంకెలు అన్నీ బాగున్నాయి. పడవవాడు ఉండాల్సిన చోట మాత్రం నిలువు చారలు, పళ్ళూడిన దువ్వెనలా. మొసళ్ళూ అంతే.

"వెనక బొమ్మ బాగుంది, కదిలే బొమ్మలే పాడయ్యాయి" అంది అమ్మాయి. "అంటే సగం బోర్డు వెతకక్కర్లేదు. కదిలే బొమ్మలు ఈ వరస చిప్పుల్లోంచి వస్తాయి."

ముందు వాటి పక్కనున్న మెమరీ చిప్పు మీద అనుమానపడింది. మంచి చిప్పు ఒకటి తెచ్చి, దాని వీపు మీద ఎక్కించి, కాళ్ళకు కాళ్ళు తగిలేలా వేలితో నొక్కింది. కింది చిప్పు నీరసించి ఉంటే పైది ఆ పని అందుకుంటుంది, బొమ్మ తేరుకుంటుంది. తేరుకోలేదు. చారలు చారల్లాగే ఉన్నాయి.

నేను నాకు తెలిసిన పని చేశాను. బొమ్మలు దాచే నాలుగు చిప్పుల మీదా వరసగా వేలు పెట్టాను. రెండు గోరువెచ్చగా ఉన్నాయి. మూడోది పెనంలా చురుక్కుమంది.

"అమ్మా! ఎన్నిసార్లు చెప్పాను వేలు పెట్టొద్దని?"

"వేలు పెట్టబట్టే దొరికింది. ముందు ఆపు దాన్ని."

ఆపింది. నేను వేలు ఊదుకుంటూ ఆ చిప్పును చూస్తున్నాను. నాలుగింటి మీదా తయారుచేసిన వాళ్ళు అంటించిన కాగితం చీటీలున్నాయి. ఒకటో చీటీ చదివాను, రెండోది చదివాను, నాలుగోది చదివాను. మూడోది చదవలేకపోయాను. మసకబారిందేమోనని కళ్ళజోడు తుడుచుకున్నాను. మసక కాదు. ఆ చీటీ తలకిందులుగా ఉంది.

అక్షరాలు రాని రోజుల్లో ఆ చీటీని ఎటు తిప్పినా నాకు ఒకటే.

కూర్చుండిపోయాను. ఆ చిప్పును అక్కడ గుచ్చింది నేనే.

చిప్పుకు ఒక చివర చిన్న గాటు ఉంటుంది. ఆ గాటు ఎటుండాలో అటే ఉండాలి. తిరగబడితే కరెంటు ఎదురెక్కి చిప్పు లోపల్లోపలే కాలిపోతుంది. బోర్డు మీద అచ్చువేసిన గుర్తులు నాకు అర్థమయ్యేవి కాదు గనక మావారు ఒక పద్ధతి పెట్టారు. బోర్డును ఎప్పుడూ ఒకేలా బల్ల మీద పరిచి, "గాటు కిటికీ వైపు" అనేవారు. నేను చిప్పుల కాళ్ళు తోమి, గాటు కిటికీ వైపు పెట్టి గుచ్చేదాన్ని. వందల చిప్పులు గుచ్చాను. ఒక్కటీ తప్పలేదు.

ఈ బోర్డు బల్లకెక్కిన రోజు మావారు కొత్త తెర తెచ్చారు. దాని తీగ పొట్టి. అందుకని బోర్డును అటుదిటు తిప్పి పరిచారు. నోటికి అలవాటైన మాటను మాత్రం తిప్పలేదు. "ఆ మూడోదాని కాళ్ళు మసిబట్టాయి, తోమి పెట్టు. గాటు కిటికీ వైపు" అన్నారు. పెట్టాను. స్విచ్చి వేశారు. కాలిన వాసన వచ్చింది. ఆయన చటుక్కున తీగ లాగేసి, బోర్డు వంక చాలాసేపు చూసి, తర్వాత నా వంక చూశారు. "నువ్వెళ్ళి టీ పెట్టు" అన్నారు.

టీ తెచ్చేసరికి గుమ్మంలో ఆడపడుచు భర్త ఉన్నాడు. మావారు ఆయన్ని కేకలేస్తున్నారు.

ఆ వాసన నేనూ పీల్చాను. బోర్డు ముందే పోయి ఉంటుందనుకున్నాను. అనుకోవడం తేలిక. కనీసం ఆ చిప్పునైనా తిప్పిపెట్టకుండా ఎందుకు దాచారో నాకు తెలియదు. మళ్ళీ ముట్టుకోబుద్ధి కాలేదేమో.

అమ్మాయికి అంతా చెప్పాను. అంతా విని, కాలిన చిప్పును జాగ్రత్తగా పెకలించింది. ఇంకో ఊళ్ళో తన స్నేహితుడైన మెకానిక్ ఒకతను ఆ ఆట తాలూకు సమాచారమంతా కంప్యూటర్లో దాచి ఉంచాడు. అది తెప్పించి ఖాళీ చిప్పులోకి ఎక్కించింది. గాటు సరైన వైపు పెట్టి గుచ్చింది. పడవవాడు తెడ్డు పట్టుకుని తెర మీద నిలబడ్డాడు.

"అయిపోయింది" అంది. పాత చిప్పును చెత్తబుట్టవైపు తీసుకెళ్ళింది.

"అదిలా ఇవ్వు."

"ఎందుకు?"

"మీ మామయ్యకి చూపించాలి."

"అమ్మా, ఇప్పుడెందుకే? ఆయన నవ్వుకుంటూనే ఉన్నాడుగా. అలవాటైపోయింది. ఈ కొట్టు నాన్న పేరు మీద నడుస్తోంది. అత్తయ్యకి తెలిస్తే ఊరంతా తెలిసినట్టే."

"నవ్వుతున్నాడు సరే. మన కొట్టులో ఎప్పుడైనా కూర్చున్నాడా?"

అమ్మాయి చిప్పును బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

నాలుగింటికి ఆడపడుచూ భర్తా ఇద్దరూ వచ్చారు. ఆయన గుమ్మం దగ్గరే ఆగి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"లోపలికి రండి అన్నయ్యగారూ."

"ఇక్కణ్ణుంచే చూస్తాలే చెల్లెమ్మా. నా చెయ్యి సంగతి తెలుసుగా."

"పిలవకు వదినా" అంది ఆడపడుచు, కుర్చీ లాక్కుని. "ఉన్నవాటిని కూడా చంపేసి పోతాడు."

అప్పుడాయన తెర చూశాడు. మెడ ముందుకు చాచాడు. "వీడు... వీడు బతికాడా!"

నేను కాలిన చిప్పును అరచేతిలో పెట్టుకుని ఆయన ముందుకు వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో పొద్దుటినుంచీ అనుకున్న మాటలన్నీ పోయాయి. "దీన్ని కాల్చింది నేను. తిరగేసి పెట్టాను. మీ చేతికీ దీనికీ సంబంధం లేదు" అన్నాను. తర్వాత తెర సంగతీ, పొట్టి తీగ సంగతీ, కిటికీ సంగతీ చెప్పాను.

ఆడపడుచు లేచి నిలబడింది. "మా అన్న అబద్ధమాడాడంటావా? పోయిన మనిషి మీద వెయ్యకు వదినా, కళ్ళు పోతాయి."

"ఆయన మీద వెయ్యడం లేదమ్మా. పెట్టింది నేను. నన్ను కాయడానికి ఆయన ఆ మాటన్నారు."

"ఇన్నాళ్ళూ లేనిది ఇవాళ గుర్తొచ్చిందా?"

ఆవిడ విసురుగా బయటకు వెళ్ళి, మెట్ల మీద అటు తిరిగి కూర్చుంది. ఇరవై రెండేళ్ళు ఆ పేరుతో అందరికంటే ఎక్కువ నవ్వించింది ఆవిడే.

ఆయన మాత్రం చిప్పు వంకే చూస్తున్నాడు. "అయితే తడి వల్ల కాదు?"

"తడి వల్లయితే బోర్డంతా తుప్పు పట్టేది. ఈ ఒక్క చిప్పే కాలింది, మిగతావన్నీ బాగున్నాయి."

"ఆ రోజు నేను చేతులు తుడుచుకున్నాను చెల్లెమ్మా" అన్నాడు నెమ్మదిగా. "రెండుసార్లు తుడుచుకున్నాను. బావ అంత గట్టిగా అనేసరికి... పోనుపోను తుడుచుకోలేదేమోనని నాకే అనిపించడం మొదలైంది. ఇంట్లో బల్బు కూడా మార్చలేదు. పిల్లలు చిన్నప్పుడు ఫ్యాను స్విచ్చి వెయ్యమంటే వాళ్ళమ్మను పిలిచేవాణ్ణి."

నేను తల దించుకున్నాను. క్షమించమని అడగాలనుకున్నాను గానీ, ఆ మాట అడిగితే ఆయన వెంటనే సరేననేస్తాడని తెలుసు. అడగలేదు.

మా అమ్మాయి లోపలి గదిలోంచి వచ్చింది. అంతా విన్నట్టే ఉంది. కుర్చీని బల్ల దగ్గరకు జరిపి, "మామయ్యా, ఆట మీరే మొదలుపెట్టండి" అంది.

ఆయన గడప దాటాడు. బల్ల దాకా వచ్చాడు. కుడిచేతిని చొక్కాకు తుడుచుకున్నాడు. వేలు మీటకు జానెడు దూరంలో ఆగింది.

"మీ చెయ్యి పొడిగానే ఉంది అన్నయ్యగారూ."

"తెలుసమ్మా" అన్నాడు. చేతిని వెనక్కి తీసుకుని, ఇంకోసారి తుడుచుకున్నాడు.