నత్తక్క సబ్బు

కొట్టాయన బుట్ట వంక చూడనైనా చూడలేదు.

"ఇవాళ దించకమ్మా, ఎత్తుకెళ్ళిపో," అన్నాడు, ఎవరికో చిల్లర ఇస్తూ.

ఆమె అప్పటికే దించేసింది. ఎండలో అంత దూరం మోసుకొచ్చేసరికి మెడ పట్టేసింది. ఏమైందని అడగబోతే మొదటి అక్షరం దగ్గరే నాలుక మొరాయించింది. ఆయనే జాలిపడి చెప్పాడు.

"నత్తక్క సబ్బు అనే పేరు టోకు షావుకారు రిజిస్టరు చేయించుకున్నాడు. కాగితం కూడా చూపించాడు. నీ సరుకు పెడితే నా మీదా కేసేనట. పిల్లలుగలవాణ్ణి, నన్ను లాగకు."

అరలో ఆమె సబ్బులుండే చోట మెరిసే పొట్లాలున్నాయి. వాటి మీద ఎవరో ఆడమనిషి పలువరస కనబడేలా నవ్వుతోంది. కింద ఈమె పేరు.

అది ముద్దుకి పెట్టిన పేరేమీ కాదు. నత్తి ఉన్న అక్క, నత్తక్క. చిన్నప్పుడు వీధి పిల్లలు వెంటపడి ఏడిపించిన పేరు. పెళ్ళయ్యాకా వదల్లేదు. మొగుడు పోయాక, ఆడపడుచుతో కలిసి పెరట్లో సబ్బు వండి అమ్మితే, నత్తక్క సబ్బుకి లొంగని మురికి లేదని ఇంటింటా చెప్పుకున్నారు. ఎగతాళి కాస్తా గిరాకీ అయింది. ఆమె కూడా నవ్వుకుని చెక్క అచ్చు మీద ఆ పేరే చెక్కించింది. మరో ముగ్గురు ఆడవాళ్ళు పనిలో చేరారు.

ఐదుగురూ కలిసి కంపెనీ పెట్టుకుందామనుకున్నప్పుడు ఆడపడుచు ఒక వకీలుని కలిసొచ్చింది.

"కంపెనీ నిదానంగా పెట్టుకోవచ్చట వదినా. ముందు పేరు మనకి రాయించుకోమన్నాడు."

"న... నత్తిదాని పేరు ఎవడు ఎత్తుకుపోతాడే?" అని ఆమె పడీపడీ నవ్వింది.

ఆ వారమే పాత గంగాళం చిల్లిపడి, మరుగుతున్న కాస్టిక్ సోడా నీళ్ళు ఒకామె పాదాల మీద పడ్డాయి. దాచుకున్నదంతా కొత్త గంగాళానికీ ఆమె వైద్యానికీ పోయింది. పేరు తర్వాత చూద్దామనుకున్నారు.

తర్వాత కొన్నాళ్ళకి షావుకారు స్వయంగా వాళ్ళ పెరట్లోకి వచ్చాడు. పీట మీద కూర్చుని, ఈ పేరెలా వచ్చిందమ్మా అని అడిగాడు. ఆమె తడబడుతూ, ఆగుతూ అంతా చెప్పింది. ఆయన ఒక్కసారి కూడా మాట అందించకుండా ఓపిగ్గా విన్నాడు. తన మాట అంతసేపు విన్న మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడు ఆడపడుచుని వెంటబెట్టుకుని ఆయన గోడౌనుకి వెళ్ళింది.

"ఆ పేరు మా వదినదండీ," అంది ఆడపడుచు.

"పిలిపించుకుంటే సరిపోదమ్మా, రాయించుకోవాలి. ముందునుంచీ మీరే వాడుతున్నట్టు బిల్లులుంటే కోర్టులో కేసు వేసుకోండి. నేను వద్దన్నానా?"

గోడ మీంచి చెయ్యి చాపి కొనుక్కునే సబ్బుకి బిల్లులెక్కడివి?

"వీధి వీధంతా సాక్ష్యం చెబుతుంది."

"వాయిదా వాయిదాకీ వీధంతటినీ తీసుకొస్తావా?" షావుకారు గొంతు తగ్గించాడు. "మీ పనితనం నాకు కావాలి. నా షెడ్డులో వండండి, కూలి ఇస్తాను. అమ్ముకోవడం మావాళ్ళ పని. మీ వదినకి మాట్లాడే బాధ కూడా తప్పుతుంది."

ఆమె లోపల జవాబు తయారయింది. అది నోటిదాకా వచ్చేసరికి ఆయన ఫోను ఎత్తాడు.

మర్నాడే పనిలో చేరిన ఆ ముగ్గురూ షావుకారు షెడ్డుకి పోయారు, కాలు కాలినామెతో సహా. "ఏమనుకోకక్కా, పొయ్యి వెలగాలి కదా," అందామె. నత్తక్క తప్పుపట్టలేదు. మిగిలిన సబ్బుల మీద పేరు కత్తితో గీకేసి, సంత మూలన గోనెపట్టా పరుచుకుని కూర్చుంది.

"నత్తక్క సబ్బా అని ఎవరైనా అడిగితే కాదని చెప్పు వదినా. ఆయన మనుషులు తిరుగుతున్నారు," అంది ఆడపడుచు.

మధ్యాహ్నం ఒక ముసలామె సబ్బు తీసి వాసన చూసింది.

"ఇది నత్తక్క సబ్బేనా అమ్మా?"

పక్క కొట్టు దగ్గర నిలబడ్డ షావుకారు గుమాస్తా ఇటు తిరిగాడు.

కాదనడానికి ఆమె నోరు తెరిచింది. మాట మొదట్లోనే ఆగిపోయింది. మామూలుగా అయితే కళ్ళు మూసుకుని, పిడికిలి బిగించి బయటికి నెట్టేది. ఈసారి ఆ 'కాదు'ని నెట్టలేదు. నోరు మూసుకుని, గుమాస్తా కళ్ళలోకి చూస్తూ అలాగే కూర్చుంది.

ముసలామె సబ్బు చేతిలో పట్టుకుని జవాబు కోసం చూస్తోంది.